ప్రతి ఇల్లూ ఒక గని

ఆ సంవత్సరం దేశంలోని అతి పెద్ద సంస్థల వరసలో చమురు కంపెనీని వెనక్కి నెట్టి ఇసుక కంపెనీ ముందు నిలబడింది. దాని పేరు పూర్వసాగర ఖనిజ సంస్థ. శ్రీకాకుళం జిల్లా ఒడ్డున, మొగలిదిబ్బ అనే బెస్తపల్లె పక్కన పరుచుకున్న నల్ల ఇసుకే దాని ఆస్తి. ఆ ఇసుకలో నియోడిమియం అనే అరుదైన లోహం ఉంది. కరెంటు బండి నడవాలన్నా, గాలిమర తిరగాలన్నా ఆ లోహంతో చేసిన అయస్కాంతం కావాలి. అంతవరకూ దానికోసం పరాయి దేశాల గుమ్మాల్లో చేతులు కట్టుకు నిలబడిన దేశం ఇప్పుడు తానే ధర చెబుతోంది. ఉద్యోగుల పింఛను నిధి, బీమా సొమ్ము, దేవాలయాల డిపాజిట్లు, అన్నీ ఆ సంస్థ వాటాల్లోనే ఉన్నాయి. అందువల్ల ఆ సంస్థ చల్లగా ఉండాలని కోరుకోని గృహస్థు దేశంలో లేడు. అన్యాయానికి ఇంతమంది భాగస్వాములు దొరికినప్పుడు దానిని అన్యాయమని పిలిచే నోరు దొరకదు.

ఈ ఐశ్వర్యాన్నంతా మోస్తున్నది కంటికి కనిపించని ఒక సూక్ష్మజీవి. డాక్టర్ ప్రమీల హెలెన్ దానిని సృష్టించి సంగ్రాహి అని పేరు పెట్టింది. తొట్టెలో ఇసుకా నీళ్ళూ పోసి సంగ్రాహిని వదిలితే అది ఇసుకలోని లోహాన్ని పీల్చుకుని, ఊదారంగు ముద్దగా అడుగున పేరుకుంటుంది. అయితే దానికి ఒక తాళం ఉంది. ప్రయోగశాలలో మాత్రమే తయారయ్యే ఒక పులుపు పదార్థం ప్రతిపూటా అందకపోతే అది చచ్చిపోతుంది. తొట్టె గోడ దాటి లోకంలో పడకూడదని ప్రమీల కావాలని పెట్టిన కట్టడి అది. ఆ పులుపు ప్రకృతిలో ఎక్కడా లేదని తేల్చుకోవడానికి ఆమె సముద్రపు నీటినీ, మట్టినీ, పశువుల నెత్తురునూ, చేపల పేగులనూ పరీక్షించింది. ఎవరి వంటింట్లోకీ వెళ్ళలేదు. ఆ ఊరివాళ్ళు అన్నం తింటారని ఆమెకు తెలుసు. ఎలా తింటారో అడగాలని తోచలేదు.

తొట్టెల షెడ్డులో ఇసుక తిరగేసే నూకాలు ఒక మధ్యాహ్నం కూతుర్ని చంకన వేసుకుని ప్రయోగశాల గుమ్మంలోకి వచ్చింది. పైడమ్మకు తొమ్మిదేళ్ళు. చంకనెక్కే వయసు కాదు.

"నడవనేకపోతంది డాట్రమ్మా," అంది నూకాలు. "కంపినీ ఆస్పత్రిలో నెత్తురు తక్కువన్నారు. మాత్తర్లు మింగించినాను. ఏటీ గుణం నేదు. గోళ్ళు సూడండి, ఎలగున్నాయో."

ప్రమీల ట్యూబులైటు కింద ఆ చేతిని తిప్పి చూసింది. గోళ్ళు పాలిపోయి కాస్త నీలంగా ఉన్నాయి. "రక్తహీనతే నూకాలూ. మందులు ఆపకు."

"ఇక్కడ కాదమ్మా, ఎండలోకి రా. ఇక్కడ తెల్దు."

వరండా మెట్ల మీద, ఎండ పడగానే ఆ గోళ్ళు లేత ఊదారంగులోకి మారాయి. పిల్ల నవ్వబోతే పళ్ళ చివర్లలోనూ అదే రంగు కనిపించింది. ప్రమీల పిల్లను మళ్ళీ లోపలికి తెచ్చింది, నీలం. బయటికి తీసుకెళ్ళింది, ఊదా. లోకంలో ఎండకు ఒక రంగూ ట్యూబులైటుకు ఒక రంగూ చూపించే వస్తువులు ఆమెకు తెలిసి బహు కొద్ది. వాటిలో ఒకటి, నియోడిమియం, తన అలమరలో గాజుసీసాల నిండా ఉంది. కంపెనీ ఆస్పత్రికి కిటికీలు లేవు.

"ఈ పిల్ల షెడ్డులోకి వస్తుందా?"

"గేటు కాడే ఆపేత్తారు గదా."

"మరి ఏం తింటుంది?"

"మావేటి తింటే అదే. పొద్దున్న తరవాణి, మజ్జాన్నం కూడూ సేపా."

"తరవాణి అంటే?"

అంత నీరసంలోనూ పైడమ్మ కిసుక్కున నవ్వింది. "ఓలమ్మా, డాట్రమ్మకి తరవాణి తెల్దంట!"

విశాఖపట్నంలో కాన్వెంటు హాస్టలు రొట్టెముక్కల మీద పెరిగిన ప్రమీలకు నిజంగానే తెలియదు.

ఆ సాయంత్రం నూకాలు ఇంట్లో చూసింది. వంటింటి మూల, గడ్డిచుట్ట మీద, బూడిదతో తోమిన మట్టికుండ. వార్చిన గంజీ, బియ్యం కడుగూ, మిగిలిన అన్నమూ ఏ రోజుకారోజు అందులో పోస్తారు. పులిసిన తేటను మర్నాడు పొద్దున్నే ఉప్పు వేసుకుని తాగుతారు. కుండ మాత్రం ఎన్నడూ ఖాళీ కాదు. నూకాలు అత్త పోలమ్మ దానికి కాపలా అన్నట్టు గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"సెప్పులు అక్కడిప్పి రా తల్లీ. కుండని ముట్టుకోకు," అంది పోలమ్మ. "నాను కాపరానికొచ్చిన నాడు మా అత్త ముందు దీనికి దణ్ణం పెట్టించింది, ఎనకాల మొగుడికి. మొగుడు పోయినాడు, ఇదుంది."

"ఈ కుండ అప్పటిదా?"

"కుండలు మారతాయి. లోపల పులుపు అదే. మా అత్తకి వాళ్ళత్త పోసింది. దీనికి నాను పోసినాను." కోడలి వైపు గడ్డం ఎగరేసింది. "ఈ ఊళ్ళో ఏ ఇంటికెల్లు, ఇదే పులుపు. మావంతా ఒక ఇంటిపేరోళ్ళం."

ఒక ఇత్తడి గిన్నెలో తేట పోసి పోలమ్మ అటకమీద పెట్టింది. అది తన కొడుకు దానయ్యదని చెప్పింది. అంతకు ముందటి తుపానులో వేటకెళ్ళిన దానయ్య పడవ తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. తల్లికి అతడు ఏదో దేశపు జైలులో ఉన్నాడు. భార్యకు ఎక్కడున్నాడో తెలియదు, అయినా గాజులు తీయలేదు.

ప్రమీల గరిటెతో కుండ అడుగును కలిపి ఒక సీసాలో పట్టుకుంది. ప్రయోగశాలలో ఆ చుక్కను పరీక్షిస్తే అదే పులుపు పదార్థం, అందులో బతికే ఉన్న సంగ్రాహి కనిపించాయి. తాను ఎన్నో ఏళ్ళు శ్రమించి కనిపెట్టాననుకున్న తాళాన్ని మొగలిదిబ్బ అత్తలు తరతరాలుగా కోడళ్ళ చేతుల్లో పోస్తూనే ఉన్నారు. తొట్టెలు తిరగేసిన చేతులతో ఆడవాళ్ళు ఇంటికి వచ్చి కుండలో గరిటె ముంచారు. సంగ్రాహికి కుండలో తాళం దొరికింది. తేటతో పాటు పిల్లల కడుపుల్లోకి వెళ్ళి, తాగిన నీటిలోనూ తిన్న చేపలోనూ ఉన్న లోహాన్నంతా పోగుచేసి కాలేయంలో, ఎముకల్లో దాస్తోంది. దాని పనే అది. దానికి ప్రమీల నేర్పింది అదే.

మర్నాడు ఆమె డైరెక్టరు రఘోత్తమరావు ముందు కూర్చుని, తొట్టెలను మూయించి, ఊరికి నిజం చెప్పమని అడిగింది. ఆయన అంతా శ్రద్ధగా విన్నాడు. మర్యాదస్తుడు. ఎవరి మాటకూ అడ్డురాడు.

"కుండ అడుగు ముద్దలో లోహం పాలు ఎంత ఉందన్నారు?"

"మన తొట్టెల్లో కన్నా ఎక్కువ. అది కాదు సార్ నేను చెబుతున్నది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ప్రమీలగారూ, మీరు నాకొక సమస్య తెచ్చానని అనుకుంటున్నారు. తొట్టెలకు కరెంటు కావాలి, తాళానికి కర్మాగారం కావాలి. ఆ కుండకు ఏమీ అక్కర్లేదు. మీరు తెచ్చింది పరిష్కారం."

"పిల్లలు చచ్చిపోతారు."

"మనం వాళ్ళని తాగమనడం లేదు కదా?"

చెప్పిన మాట మీద ఆయన నిలబడ్డాడు. ఎవరినీ తాగమనలేదు. కంపెనీ ముద్ర వేసిన పెద్ద పెద్ద కుండలు మాత్రం ఇంటింటికీ వచ్చాయి. వాటిలో వేసుకోవడానికి శుభ్రం చేసిన నల్ల ఇసుక సంచులు వచ్చాయి. అడుగు ముద్ద కంపెనీది, పైతేట ఇంటివాళ్ళది అని వ్యాను మైకులో చెప్పారు. ముద్దకు కంపెనీ ఇచ్చిన డబ్బుతో మొగలిదిబ్బలో శ్లాబు ఇళ్ళు లేచాయి. తరవాత ఒడ్డు పొడవునా ఉన్న పల్లెలన్నింటికీ మొగలిదిబ్బ పులుపును డ్రమ్ములతో తీసుకెళ్ళి తోడు వేశారు. ఢిల్లీలో ఒక మంత్రి 'ప్రతి ఇల్లూ ఒక గని' అని నినాదం ఇచ్చాడు. అట్టడుగు స్త్రీ దేశ సంపదకు నేరుగా వారసురాలైందని ఆర్థికవేత్తలు వ్యాసాలు రాశారు. అట్టడుగున పేరుకున్నది ఏమిటో ఏ వ్యాసంలోనూ లేదు.

ప్రమీల అనుమతులిచ్చే కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి అధికారి ఆమె చెప్పినదానిని ఒక్క ముక్క కూడా కాదనలేదు. "మేడం, మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ మా నాన్నగారి పింఛను కూడా అందులోనే ఉంది," అన్నాడు. ఆయన గొంతులో సిగ్గు ఉంది. అందువల్ల ప్రమీలకు మరీ భయం వేసింది. ఆమె తిరిగి వచ్చేసరికి ప్రయోగశాల తలుపు ఆమె వేలిముద్రను గుర్తుపట్టడం మానేసింది.

ఇక మిగిలింది పైడమ్మ ఒక్కతే. ప్రమీల ఆ పిల్లను విశాఖపట్నం తీసుకెళ్ళి తన ఇంట్లో ఉంచుకుంది. వేడన్నం, పప్పు, పాలు పెట్టింది. తాళం అందని సంగ్రాహి పిల్ల కడుపులో మర్నాటికే చచ్చింది. మెల్లగా లోహం బయటికి పోవడం మొదలైంది. గోళ్ళ మొదళ్ళలో తెలుపు కనిపించింది. పైడమ్మ మెట్లెక్కింది, వీధిలో పిల్లలతో దెబ్బలాడింది, అమ్మ కావాలని ఏడ్చింది. ప్రమీల తీసుకొచ్చి ఊళ్ళో దించింది. నూకాలు అత్త తిట్టినా వినక, తన ఇంటి కుండను ఊరికి తెలియకుండా ఎండబెట్టింది. అయినా నెల తిరక్కుండా పిల్ల మళ్ళీ చంకనెక్కింది.

"మా కుండ ఎండబెట్టినా ఏటి లాభం?" అంది నూకాలు. ఇద్దరూ ఒడ్డున, ఆరబెట్టిన వలల పక్కన కూర్చున్నారు. పైడమ్మ తల్లి ఒడిలో పడుకుని ఉంది. "పెద్దత్తింటికెళ్తాది, గళాసుడు పోత్తారు. పిన్నింటికెళ్తాది, పోత్తారు. వొద్దంటే నాకు పొగరంతన్నారు."

"నా దగ్గరే ఉంచుకుంటాను. చదివిస్తాను."

"మా పిల్లగుంటనుంచుకుంతావు. కామయ్య కొడుకు మంచం దిగడం నేదు. సిట్టెమ్మ కూతురికి కళ్ళు పచ్చబడినాయి. ఎంతమందినుంచుకుంతావు డాట్రమ్మా?"

ప్రమీల ఊరి వైపు తిరిగింది. "ఈ కుండల్ని అసలు ఎప్పుడూ పారబొయ్యరా? ఏ కారణానికీ?"

"సావొస్తే పారబోత్తారు. మైల కుండ ఇంట్లో ఉంచకూడదు. దాయాదులం గదా, ఒకరింట పోతే ఊరంతటికీ మైలే. మైల తీరే వరకూ ఏ ఇంటా పులుపు పెట్టరు."

"మైల ఎన్నాళ్ళు?" అడగగానే ప్రమీల తనను తాను అసహ్యించుకుంది, ఎందుకంటే ఆమె మనసు అప్పటికే లెక్క కట్టింది. మైల ఎన్ని రోజులైనా చాలు. ఊరి కడుపుల్లో ఉన్న సంగ్రాహి అంతా చావడానికి ఎక్కువే.

నూకాలు ఆమె ముఖంలోకే చూస్తోంది. "నువ్వేటి లెక్కేత్తన్నావో నాకు తెలుసులే. గుంటలు పోతే మైల ఉండదమ్మా. పాతిపెట్టి నీళ్ళు పోసుకుంటాం, అంతే. ఇది పోయినా కుండ కదల్దు. పెద్దోళ్ళు పోవాల. పెళ్ళైనోళ్ళు."

అలలు వచ్చి పోతున్నాయి. నూకాలు తన ముంజేతుల వైపు చూసుకుంది. ఎర్రటి గాజులు మణికట్టు చుట్టూ తిప్పింది. ప్రమీలకు ఆమె ఆలోచన అర్థమైంది. వద్దనడానికి నోరు తెరిచింది. ఒడిలో పిల్లను చూసి మూసుకుంది.

దానయ్య పోయాడని ఊరికి చెబుదామని అత్తతో అన్నప్పుడు పోలమ్మ ముందు లెంపకాయ కొట్టింది.

"ఒలే, ఇలాగంటావే! ఆడేదో జైల్లో ఉన్నాడు. రేపొత్తాడు. వొచ్చి 'నన్నెందుకే సంపినావు' అంటే ఏటి సెప్తావు?"

"వొత్తే కాళ్ళు కడిగి మళ్ళీ గాజులేసుకుంతాను. దీన్ని మళ్ళీ కనగలనా?"

"డాట్రమ్మ సెప్పింది, నువ్వు తలూపినావు. తరవాణి తాగి సచ్చినోడున్నాడా ఈ ఒడ్డున? మీ మావ తాగినాడు, నాను తాగినాను. ఈ కుండ మిమ్మల్నందర్నీ సాకింది!"

"కుండ మంచిదే అత్తా. దాన్లో ఆళ్ళు ఏసింది మంచిది కాదు."

"ఆడు నా కొడుకు. నీకు మొగుడైతే ఇంకోడు దొరుకుతాడు. ఎల్లి ఇంకోణ్ణి కట్టుకో."

నూకాలు పిల్లను చాపమీద పడుకోబెట్టింది. కొడుకు చనిపోయాడని తల్లి మొదట గొంతెత్తి ఏడవాలి. తల్లి ఏడవనిదే ఊరు కదలదు. భార్య గాజులు పగలగొట్టుకున్నా పిచ్చిదంటారు తప్ప మైల పట్టరు. ఆ సంగతి అత్తాకోడళ్ళిద్దరికీ తెలుసు. పోలమ్మ పక్కింటి నుంచి పులుపు తెచ్చి ఎండిన కుండను మళ్ళీ నింపి, మూడు పూటలు తిండి మానేసి, దాని దగ్గర కూర్చుంది. కోడలు ఎదురుగా కూర్చుంది. మధ్యలో చాపమీద పైడమ్మ.

మర్నాడు ఎండ బాగా ఎక్కాక పిల్ల కళ్ళు తెరిచి, "మామ్మా, దాహం," అంది. పోలమ్మ అలవాటు కొద్దీ చెయ్యి చాచి, కుండలో నుంచి గ్లాసు ముంచి, పిల్ల తల ఎత్తి పట్టుకుంది. కిటికీ ఎండ సరిగ్గా ముఖం మీద పడింది. పిల్ల నోరు తెరిచింది. పళ్ళు, చిగుళ్ళు, నాలుక అంచు, అన్నీ మొగలిపొద మీద పాకే తీగపువ్వుల్లా ఊదాగా ఉన్నాయి.

పోలమ్మ చేతిలోని గ్లాసు పిల్ల పెదవికి తగలకముందే ఆగింది. తేటను నేలమీద పోసి, గ్లాసు బోర్లించి, ఆమె లేచి వీధి గుమ్మంలోకి వెళ్ళింది. జుట్టు ముడి విప్పింది. "ఓరి నా దానయ్యో! నా తండ్రో! నన్నొగ్గీసి ఎల్లిపోనావేరా కొడకో!" అని గొంతు చించుకుని ఏడ్చింది. ఊరికి మైల తెప్పించడానికి ఎత్తిన ఏడుపే అది. కానీ ఆ ఏడుపులో అబద్ధం లేదు. అన్నాళ్ళూ తొక్కిపెట్టుకున్నదంతా ఆ క్షణాన తల్లి నోట వచ్చింది. లోపల నూకాలు గడపకేసి చేతులు కొట్టుకుంది. గాజుముక్కలు చాపమీద పడ్డాయి.

ఊరు కదిలింది. గడ్డితో మనిషి బొమ్మ చేసి, దానయ్య చొక్కా తొడిగి, ఒడ్డున దహనం చేశారు. ఒక్కొక్క ఇంటి నుంచీ కుండలు వచ్చాయి. నల్లటి పాత కుండలూ వచ్చాయి, కంపెనీ ముద్ర కుండలూ వచ్చాయి. ముద్ద కోసం వచ్చిన వ్యాను డ్రైవరు అడ్డంపడి, "బాబూ, కుండలు కంపెనీవి. నా ఉద్యోగం పోద్ది," అని బతిమాలాడు.

"సావొచ్చింది కదరా నాయినా," అన్నాడు కులపెద్ద. "మీ కంపినీలో సావులుండవేటి?"

కుండలు ఇసుకలో పగిలాయి. ఊదారంగు అల వెనక్కి పోతూ ఎండలో మెరిసింది.

మైల రోజుల్లో ఊరంతా వేడన్నం తింది. రఘోత్తమరావు ప్రమీలకు ఫోన్ చేశాడు. సంస్థ వాటా ధర ఆ పొద్దున కొద్దిగా కదిలింది. "ఏం జరిగింది అక్కడ?" అని అడిగాడు. "ఒక మనిషి చనిపోయాడు," అని ఆమె ఫోన్ పెట్టేసింది. తీరం పొడుగునా మిగిలిన పల్లెల కుండలు నిండుగానే ఉన్నాయి. సాయంత్రానికి ధర మళ్ళీ లేచి నిలబడింది.

మైల తీరేనాటికి కామయ్య కొడుకు మంచం దిగాడు. పైడమ్మ గోళ్ళ మొదళ్ళు తెల్లబడ్డాయి. కొత్త కుండలతో, కొత్త పులుపుతో వచ్చిన వ్యానును ఊరు గుమ్మంలోంచే పంపేసింది. తమ పిల్లలు లేచి నడవడం కళ్ళారా చూసినవాళ్ళకు డాక్టరమ్మ బోధ అక్కర్లేకపోయింది. పోలమ్మ మాత్రం కోడలితో మాట్లాడటం మానేసింది. ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరో మాట లేదు. నూకాలు బోసి చేతులతో అన్నం పెడుతుంది. అత్త తల ఎత్తకుండా తింటుంది.

అలాంటి ఒక పొద్దున, ప్రమీల పైడమ్మ నాలుక చూస్తూ ఉండగా, ఒక ముసలామె తడి ఇసుక అంటిన కాళ్ళతో వచ్చి అరుగు మీద కూర్చుంది. పక్క పల్లె నుంచి ఒడ్డు వెంబడి నడిచి వచ్చానని చెప్పింది. నూకాలు నీళ్ళిస్తే అందుకున్నది. ఆ వేళ్ళ చివరలు ఊదాగా ఉన్నాయి.

"నువ్వేనా అమ్మా, మొగుణ్ణి సంపుకున్నదానివి?" ముసలామె గొంతులో నిందగానీ ఎగతాళిగానీ లేదు. దారి అడిగినట్టు అడిగింది.

నూకాలు తల ఊపింది.

"మా కాడ గుంటలు కుప్పకూలిపోతన్నారు. మా వోళ్ళు కుండ ఒగ్గరు. శ్లాబు ఇళ్ళొచ్చినాయి గదా, ఎందుకొగ్గుతారు? సావొత్తేనే అంటారు." ముసలామె నీళ్ళు తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టింది. "మా ఊళ్ళో సముద్రంలో తప్పిపోయినోళ్ళు ఎవరూ నేరు తల్లీ. అందరూ తిరిగొచ్చీసినారు. మావంతా కూడా ఒకటే ఇంటిపేరు. అందర్లోకీ పెద్దదాన్ని నాను."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. పోలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ముసలామె ప్రమీల వైపు తిరిగింది. "సదువుకున్నదానివంట గదా. నువ్వు సెప్పు. నానొక్కర్తినీ పోతే సరిపోద్దా?"

ప్రమీల జీవితమంతా ప్రశ్నలకు కచ్చితమైన జవాబులు చెప్పడం నేర్చుకున్న మనిషి. ఈ ప్రశ్నకు కూడా కచ్చితమైన జవాబు ఆమెకు తెలుసు. సరిపోతుంది.